లాప్‌టాప్‌లో షాజియా వాటా

కోరుట్లలో కమాలుద్దీన్ టైలర్ కూతురు షాజియా గురించి చెప్పాలంటే ముందు ఆమె మొండితనం గురించి చెప్పాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అని గల్లీలో పేరు. నన్నడిగితే మాత్రం, షాజియా పట్టిన కుందేలుకు చాలాసార్లు నిజంగానే మూడు కాళ్లుండేవి. చూడకుండా నాలుగని వాదించేది ఎదుటివాళ్లే.

ఇంట్లో నలుగురు. కమాలుద్దీన్ బస్టాండు వెనక గల్లీలో బట్టలు కుడతాడు. తల్లి గుల్షన్ బీ బీడీలు చుడుతుంది. అన్న ఆదిల్ ఫ్లెక్సీ బ్యానర్లు తయారుచేసే దుకాణం నడుపుతాడు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి. షాజియా జగిత్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ చదువు చదివేది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు.

ఆ కాలేజీ ల్యాబ్‌లో సిస్టంలు తక్కువ, పిల్లలు ఎక్కువ. ముగ్గురికొకటి. ఎవరు పెట్టిన రూలో తెలియదు గాని, కుర్చీలో అబ్బాయి కూర్చోవాలి, అమ్మాయిలు వెనక నిలబడాలి. అబ్బాయి కొడతాడు, అమ్మాయిలు చూసి రికార్డు రాస్తారు. అమ్మాయిల చేతిరాత బాగుంటుందట, అందుకట! షాజియా వాళ్ల సిస్టం ముందు ఆనంద్ అనే పిల్లవాడు కూర్చునేవాడు. వెనక షాజియా, సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే శ్రావణి. అతనికి తెలియనిదల్లా వెనక నుంచి ఈ ఇద్దరూ చెప్పేవారు. అతను కొట్టేవాడు. మార్కులు మాత్రం అతని వేళ్లకు పడేవి.

ఏడాదంతా వెనక నిలబడ్డ పిల్లను పరీక్షనాడు ఒంటరిగా కూర్చోబెడితే ఏమవుతుంది? అది లినక్స్ ల్యాబ్ పరీక్ష. ఇళ్లల్లో, దుకాణాల్లో కనబడే విండోస్ కాదు. నల్లటి తెర మీద ఆజ్ఞలు కొట్టి పని చేయించుకోవాలి. ఏం కొట్టాలో షాజియాకు తెలుసు. కానీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేసరికి టైమైపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "ఎన్నడన్న కీబోర్డు ముట్టినవా అమ్మా?" అన్నాడు. వెనకనుంచి మగపిల్లలు కిసుక్కుమన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, తప్పినందుకు కాదు గాని ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. శ్రావణి కూడా తప్పింది. వెనకనుంచి చెప్పేవాళ్లు లేక ఆనంద్ కూడా తప్పాడు. అదొక్కటే ఆ రోజు న్యాయంగా జరిగింది.

మళ్లీ పరీక్ష ఉంటుందన్నారు. అందులోనూ తప్పితే పై ఏడాదికి పంపరు, అక్కడే ఆగాలి. కమాలుద్దీన్ కోపిష్టి కాదు, అయినా ఆ రాత్రి మెల్లగా అన్నాడు: "ఇంకోపారి గూడ పోతె ఇగ చాలు బేటీ. చదివినకాడికి చదివినవ్."

మెల్లగా అన్న మాటే ఎక్కువ భయపెడుతుంది. గుల్షన్ బీ బీడీల చాట పక్కన పెట్టి, "ముట్టనియ్యకుంట చదువు రమ్మంటె ఎట్లస్తది? దానికి దాని మిషిని గావాలె," అంది. తల్లి పట్టుబట్టి కూడబెట్టిందే కొత్త లాప్‌టాప్‌గా ఇంటికి వచ్చింది. షాజియా కోసం వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ ఇంట్లో తొందరగానే మరిచిపోయారు.

కొన్నరోజు జగిత్యాలలో దుకాణమతన్ని షాజియా అడిగింది, "అన్నా, దీంట్ల విండోస్ పక్కన లినక్స్ గూడ ఏసిస్తవా?" అని.

ఆయన నవ్వాడు. "ఒక ఒరల రెండు కత్తులు ఇముడుతయా అమ్మా? కొత్త లాప్‌టాప్, ఖరాబ్ చేస్కోకు."

"మా నోట్ల రెండు భాషలు ఇమిడినయి గదన్నా. ఏదన్న ఖరాబైందా?"

దుకాణమతను బిల్లు కాగితం చేతిలో పెట్టి ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, కాలేజీలు బంద్. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బొగ్గు గనులు ఆగేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. ఊరి చౌరస్తాలో ఉద్యమ టెంటు వెలిసింది. రోజుకో కులసంఘం, రోజుకో పనివాళ్లు వంతులవారీగా దీక్షలో కూర్చునేవారు. అందరికీ బ్యానర్లు కావాలి. ఆదిల్‌కు ఊపిరి సలపని పని. అతని దుకాణంలో పాత కంప్యూటర్ కరెంటు పోగానే ఆరిపోతుంది, లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. "రెండొద్దులు ఇయ్యి చెల్లె, ఉద్యమం పని," అని పట్టుకుపోయాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని, రెండొద్దులు వారమైంది, వారం రెండువారాలైంది. రాత్రి ఇంటికి తెచ్చినా చార్జింగ్ అయిపోయి, శవంలా తెచ్చేవాడు.

షాజియా ఊరుకుంటుందా? "సగం డిస్కు నాకియ్యి. నీ విండోస్ నీకుంటది, నా లినక్స్ నాకుంటది. పొద్దుగాల నువ్వు, పొద్దుమీకి నేను," అంది.

"రెండోది పెడితె నా ఫోటోషాప్ ఖరాబైతది. ఒద్దంటె ఒద్దు. అయినా కాలేజే బందున్నది, నీకిప్పుడేం తొందర?"

"ఎవరి లాప్‌టాపది?"

"ఇంటిది," అన్నాడు ఆదిల్. షాజియాదని కూడబెట్టిన వస్తువు అంత సులువుగా ఇంటిదైపోయింది! అప్పుడే అతను దుకాణంలో తయారుచేస్తున్న బ్యానర్ మీద ఏముందో తెలుసా? "మా వాటా మాకు గావాలె" అని, మనిషంత అక్షరాలు.

షాజియా సిరిసిల్లకు ఫోన్ చేసింది. శ్రావణి దగ్గర లాప్‌టాప్ లేదు గాని లినక్స్ సీడీ ఉంది. ఒక సీనియర్ అక్కను బతిమాలి తీసుకుని, వేసుకోవడానికి మిషను లేకపోయినా దాచిపెట్టుకుంది. బియ్యం లేకున్నా ఎసరు పెట్టుకున్నట్టు అన్నమాట. "మిషిని పట్టుకొని రావే, ఇద్దరం కల్సి ఏద్దాం," అంది.

బస్సుల్లేవు. అయితే కమాలుద్దీన్‌కు లంగాల బట్ట అయిపోయింది, ఎలాగూ సిరిసిల్ల పోవాలి. గుల్షన్ బీ ఆదిల్ నిద్ర లేవకముందే లాప్‌టాప్ బ్యాగు తెచ్చి మొగుడి మోపెడ్‌కు తగిలించింది. "దాన్ని గూడ తోల్కపో," అంది. "దానిది దానికి పెట్టించుకరా."

కమాలుద్దీన్ సందేహించాడు. "ఆదిల్ గాడు లొల్లి జేస్తడేమో..."

"చెయ్యనీ. వానికి గొంతున్నది, మనకు లేదా?"

సిరిసిల్లలో ఎప్పుడూ సాంచల మోత ఉంటుంది. సాంచ అంటే మరమగ్గం. ఊరి పొలిమేర నుంచే ఆ టకటకకు చెవులు దిబ్బడవేసేవి. ఆ రోజు పిట్ట రెక్క కొట్టుకుంటే వినబడేంత నిశ్శబ్దం. శ్రావణి తండ్రి బక్కయ్య సాంచ మీద పనిచేస్తాడు. షెడ్డు పక్కనే వాళ్ల ఇల్లు. అరుగు మీద కూర్చుని కరెంటు కోసం ఎదురుచూస్తున్నవాడు కమాలుద్దీన్‌ను చూసి, "రా భాయ్, రా. పోరగాళ్లకు కాలేజి బంద్, మాకు కరెంటు బంద్," అని నవ్వాడు. శ్రావణి తల్లి మల్లవ్వ చాయ్ పెట్టింది.

చాయ్ గొంతులో దిగకముందే కరెంటొచ్చింది. గల్లీ మొత్తం ఒక్క ఊపున మోగింది. బక్కయ్య గ్లాసు దింపి షెడ్డులోకి ఉరికాడు. కమాలుద్దీన్ కూడా చూద్దామని వెంట వెళ్లాడు. అక్కడ పొద్దటి షిఫ్టు మనిషి సాంచ దిగుతూ, నేసిన బట్ట మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. బక్కయ్య ఆ గీత చూసుకుని సాంచ ఎక్కాడు.

"ఒక్క సాంచ మీద ఇద్దరైతె కొట్లాట రాదా బక్కన్నా?" మోతలో కమాలుద్దీన్ గట్టిగా అడిగాడు.

"ఎందుకస్తది భాయ్? గీతకు అవుతల ఆయనది, ఇవుతల నాది. సాంచ ఒక్కటే, బట్ట ఎవనిది వానిది. గీత చెరిపినోడు మా గల్లిల తలెత్తుకొని తిరగలేడు."

కమాలుద్దీన్ చాలాసేపు ఆ సుద్ద గీతనే చూశాడు. తిరిగి ఇంట్లోకి వచ్చి బిడ్డతో, "ఎట్ల ఏస్తవో ఏస్కో. ఆదిల్‌ది మాత్రం ముట్టకు," అన్నాడు.

ముట్టకుండా వేయడమే కదా అసలు పని! ఇద్దరమ్మాయిలు ముందు విండోస్‌ను కొంచెం జరగమన్నట్టు సగం డిస్కులోకి కుదించారు. ఆదిల్ బ్యానర్లన్నీ తెరిచి చూసుకున్నారు, అన్నీ ఉన్నాయి. తర్వాత సీడీ పెట్టారు. ఒకచోట అది అడిగింది: డిస్కంతా తుడిచి వేయాలా, ఉన్నదాని పక్కన వేయాలా అని. అక్కడ వేలు తప్పితే అన్న పనంతా గంగపాలు. ఏడాదంతా వెనక నిలబడి చెప్పడం వేరు, ఇప్పుడు తన వేలితో నొక్కడం వేరు. శ్రావణి స్నేహితురాలి భుజం మీద చెయ్యేసింది. షాజియా "పక్కన" అన్నదాన్ని నొక్కింది.

అంతా అయ్యాక మిషను ఆపి మళ్లీ వేస్తే నల్లటి తెర మీద తెల్లటి వరసలు వచ్చాయి. పైన లినక్స్ పేరు, కింద విండోస్ పేరు. ఏది కావాలో ఎంచుకొమ్మంటోంది. కమాలుద్దీన్ కళ్లద్దాలు సవరించుకుని, "గిదేనా గీత?" అన్నాడు.

"గిదే అబ్బాజాన్."

సీడీని శ్రావణి షాజియా బ్యాగులో పెట్టింది. "నాదగ్గరుండి ఏం జేస్తది? నీ దగ్గర్నే ఉంచు. మిషిని ఖాళీ ఉన్నప్పుడు నన్ను పిలువు," అంది.

ఆదిల్ టెంటు పనుల్లో పడి లాప్‌టాప్ అడగని రెండు సాయంత్రాలు షాజియా కడుపునిండా కొట్టింది. తప్పులు కొట్టింది, దిద్దుకుంది, మళ్లీ కొట్టింది. వేళ్లకు అక్షరాలు తెలియడం మొదలైంది. ఈ సంగతి ఆదిల్‌కు చెప్పాల్సిందే. చెప్పింది కూడా. కానీ అతను ఫోన్లో ఎవరికో బ్యానర్ సైజు చెబుతూ ఊ కొట్టాడు. మగవాళ్లు ఊ కొడితే విన్నారని అనుకోవడం షాజియా చేసిన ఒకే ఒక తప్పు.

మూడోనాడు రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపే వంటావార్పు కార్యక్రమం. దానికి బ్యానర్ కావాలి. ఆదిల్ లాప్‌టాప్ తెరిచాడు, తెల్లటి వరసలు వచ్చాయి. చదివితే అతని సొమ్మేం పోయేది? చదవలేదు. కాసేపు చూసి మిషను తనంతట తాను లినక్స్‌లోకి పోయింది. ఎప్పుడూ చూడని ఊదారంగు తెర. ఫోటోషాప్ లేదు. తన పనంతా పోయిందనుకున్నాడు. చెల్లెల్ని ఒక్క మాట అడిగితే ఒక్క నొక్కుతో అయిపోయేదానికి, దోస్తు బండెక్కి జగిత్యాల పోయాడు. దుకాణమతను ఎంత సంతోషంగా "నేను చెప్పలేదా?" అని ఉంటాడో నేను ఊహించగలను. అతను విండోస్ ఒక్కటే లేచేటట్టు చేసి ఇచ్చాడు.

సాయంత్రం ఆదిల్ లాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టాడు. "నీ కథ ఖతం. తీసేయించిన."

షాజియా తెరిచింది. తెల్లటి వరసలు లేవు. నేరుగా విండోస్. ఆ పిల్లకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. కోపం గొంతులో పట్టక ఏడుపొచ్చింది. "ఎవర్ని అడిగినవ్? చెప్పు, ఎవర్ని అడిగి తీసినవ్?" అని అరిచింది. ఆదిల్ చొక్కా విప్పి కొక్కానికి తగిలిస్తూ, "అడిగేదేంది," అని మాత్రం అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే రాత్రి శ్రావణి ఫోన్ చేసింది. సమ్మె వాయిదా పడేటట్టుందట. కాలేజీలు తెరవగానే మొదటి సోమవారం లినక్స్ ల్యాబ్ పరీక్ష.

ముఖం కడుక్కుని వచ్చి షాజియా మళ్లీ మిషను ముందు కూర్చుంది. నిజంగా పోయిందా? విండోస్‌లోనే డిస్కు ఎలా పంచి ఉందో చూపించే చోటికి వెళ్లింది. సగం విండోస్‌ది. మిగతా సగం పేరూ ఊరూ లేకుండా, డ్రైవ్ అక్షరం తగిలించకుండా, ఉన్నది ఉన్నట్టే ఉంది. దుకాణమతను తలుపు పీకాడు గాని ఇల్లు కూలగొట్టలేదు! షాజియా గట్టిగా నవ్వింది. వంటింట్లోంచి గుల్షన్ బీ తొంగిచూసి పిల్లకు మతి పోయిందేమో అనుకుంది.

పొద్దున్నే శ్రావణికి ఫోన్ చేసింది. శ్రావణి సీనియర్ అక్కకు చేసింది. సీడీతో మిషను తెరిచి, రెండు మూడు ఆజ్ఞలు కొడితే వరసలు మళ్లీ వస్తాయని ఆ అక్క చెప్పింది. అంతా బాగానే ఉంది గాని, లాప్‌టాప్ బ్యాటరీ నిల్. కరెంటు లేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. ఊళ్లో కరెంటున్న చోటు ఒక్కటే, జనరేటర్ పెట్టిన ఉద్యమ టెంటు.

షాజియా బ్యాగు భుజానికేసుకుని చౌరస్తాకు నడిచింది.

ఆ రోజు దీక్ష వంతు బీడీ కార్మికులది. టెంటు నిండా ఆడవాళ్లు. ముందు వరసలో గుల్షన్ బీ, పక్కన ఆమెతోపాటు బీడీలు చుట్టే శంకరవ్వ. దుకాణాలు బందు గనుక కమాలుద్దీన్ కూడా ఒక మూల కుర్చీలో ఉన్నాడు. వాళ్ల వెనక ఆదిల్ చేసిన బ్యానర్. మైకు ముందు ఒక పెద్దమనిషి తెల్లచొక్కాలో చెమటలు కక్కుతూ మన వాటా గురించి మాట్లాడుతున్నాడు. బోర్డులో ఒక్కటే సాకెట్ పనిచేస్తోంది, అందులో మైకు ప్లగ్గు ఉంది.

షాజియా నేరుగా వెళ్లి, "సార్, జెరసేపు మైకు బంద్ చేస్తరా? నాకు కరెంటు గావాలె," అంది.

పెద్దమనిషి మైకులోనే, "ఏందమ్మా, ఉద్యమం నడుస్తున్నది, నడిమిట్ల నీ లొల్లేంది?" అన్నాడు. అది చౌరస్తా అంతా వినబడింది. ఆ గొంతు విని, టెంటు వెనక తాళ్లు కడుతున్న ఆదిల్ పరుగున వచ్చాడు.

"షాజియా! ఇంటికి నడువ్. పరువు తీయకు."

"పోను," అంది షాజియా. అందరి ముందూ, భయం లేకుండా. "గా బ్యానర్ మీద ఏం రాసినవ్ భాయ్? సదువు. మా వాటా మాకు గావాలె. గది నా లాప్‌టాప్‌ల రాసినవ్. నాకు అమ్మీ కొనిచ్చిన లాప్‌టాప్‌ల, నా సగం నాకు లేకుంట జేసి రాసినవ్. గీ పరీక్ష తప్పితె నా సదువు బంద్. నీ వాటా కోసం రోడ్డు మీద కూసున్నవ్ గద, నా వాటా కోసం నేను యాడ కూసోవాలె?"

ఆదిల్ తండ్రి వైపు చూశాడు, ఆయన వారిస్తాడేమోనని. కమాలుద్దీన్ కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

"గీత చెరిపినవ్ ఆదిల్," అన్నాడు. "సిరిసిల్లల గీత చెరిపినోడు గల్లిల తిరగలేడట. నువ్వు ఇంకా ఈడ్నే నిలబడ్డవ్."

శంకరవ్వ ఊరుకునే మనిషి కాదు. కొంగు నడుముకు చుట్టి లేచింది. "ఓ సారూ, పొద్దటి సంది మాట్లాడుతున్నవ్, నీ గొంతు గూడ జెర అలుపు తీస్కోనియ్యి. పోరి పని కానియ్యి," అని, తనే వంగి మైకు ప్లగ్గు పీకేసింది. పెద్దమనిషి పెదవులు ఇంకా కదులుతున్నాయి గాని మాట వినబడలేదు. ఆడవాళ్లందరూ ఒక్కసారి నవ్వారు.

షాజియా చార్జర్ పెట్టింది. సీడీ వేసింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుంది. సిరిసిల్లలో శ్రావణి ఒక్కో అక్షరం చెబుతుంటే, కోరుట్ల టెంటులో షాజియా కొట్టింది. ఒకసారి తప్పు చూపించింది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. "ఖాళీ ఇడిసినవా నడిమిట్ల?" అంది శ్రావణి. విడవలేదు. దిద్దింది. ఈసారి తప్పు లేదంది మిషను. ఆపి, మళ్లీ వేసింది.

నల్లటి తెర. తెల్లటి వరసలు. పైన లినక్స్, కింద విండోస్.

"పోయిందన్నరు గద బిడ్డా?" అంది శంకరవ్వ, తెరలోకి తొంగిచూస్తూ.

"యాడికి పోతది అవ్వా? ఆడనే ఉన్నది. పేరు కనవడకుంట జేసిన్రు, గంతే."

శంకరవ్వ టెంటులో వాళ్ల వైపు తిరిగి, "ఇన్నరా? పేరు తీసేస్తె పోదట," అంది. చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని గుల్షన్ బీ మాత్రం చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులతో కొంగు పట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది.

ఆదిల్ దగ్గరికొచ్చాడు. అతను చెడ్డవాడు కాదు, అడగడం అలవాటు లేనివాడు. గొంతు తగ్గించి, "నా బ్యానర్లు ఉన్నయా?" అన్నాడు.

"నీది ఎన్నడు ముట్టిన భాయ్? అన్నీ ఉన్నయి."

"మరి... నాది మీద పెట్టరాదు? తెరువంగనె అది లేచేటట్టు?"

"లేదు. ముందుగాల నాదే లేస్తది. నీది గావాల్నంటె సదువుకొని కిందికి నొక్కు. జెర చదువుడు నువ్వు గూడ అలవాటు చేస్కో."

ఆ రోజు నుంచి పరీక్ష దాకా ఆదిల్ రోజూ ఆగి, చదివి, కిందికి నొక్కాడు. బస్సులు కదలగానే శ్రావణి వచ్చి కోరుట్లలోనే ఉంది. ఇద్దరూ వంతులేసుకుని కొట్టారు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు పక్కన కూర్చునేవారు. వెనక నిలబడటం మాత్రం ఇద్దరూ మానేశారు.

సోమవారం పొద్దున జగిత్యాలలో ల్యాబ్ తెరిచేసరికి పెద్ద గందరగోళం. ఇన్నాళ్లూ మూతబడ్డ సిస్టంలలో వైరస్ ఉందని ల్యాబ్ అసిస్టెంటు ఒక వరస మొత్తానికి విండోస్ కొత్తగా వేశాడు. ఏది తెరిచినా నేరుగా విండోసే. లినక్స్ జాడ లేదు. మళ్లీ పరీక్ష రాయాల్సిన వాళ్లంతా ఆ వరసలోనే ఉన్నారు. ఎగ్జామినర్ పాత మనిషే. చేతిగడియారం చూసుకుని విసుక్కున్నాడు.

"లినక్స్ లేకుంట లినక్స్ పరీక్షేం పెట్టాలె? నేను మళ్ల మళ్ల రాను. ఈ వరుసోళ్లు తర్వాత చూసుకోండి."

తర్వాత అంటే ఏమిటో షాజియాకు తెలుసు. చదివినకాడికి చదివినవ్ అనడమే. ఆమె బ్యాగులో చెయ్యి పెట్టింది. టెంటు నుంచి వచ్చిన రోజు నుంచి ఆ సీడీని తలనొప్పి మాత్రల్లా వెంటే ఉంచుకుంటోంది.

"సార్, లినక్స్ పోలేదు. ఆడనే ఉండి ఉంటది. నాకు జెర టైమియ్యుండ్రి."

అసిస్టెంటు ఏదో అనబోయాడు. షాజియా అప్పటికే సీడీ పెట్టేసింది. ముందు ఆ సగం ఉందో లేదో చూసుకుంది. ఉంది. ఈసారి ఫోన్ అక్కర్లేదు. వేళ్లకే తెలుసు. ఎక్కడ ఖాళీ విడవాలో కూడా తెలుసు. మిషను ఆపి వేసేసరికి నల్లటి తెర మీద తెల్లటి వరసలు వచ్చి నిలబడ్డాయి.

ఎగ్జామినర్ కుర్చీ దాకా వచ్చి తెర చూశాడు. ఎన్నడన్న కీబోర్డు ముట్టినవా అని అడిగిన సంగతి ఆయనకు గుర్తుందో లేదో గాని, షాజియాకు గుర్తుంది.

"గిది ఎవరు నేర్పిన్రమ్మా?"

"మా అన్న నేర్పిండు సార్," అంది షాజియా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

శ్రావణి సిస్టం ఆమె చేతికే సీడీ ఇచ్చి చేయించింది. అంతలో వరస చివర్నుంచి ఆనంద్ పిలిచాడు. ఏడాదంతా ఆ కుర్చీ వదలని ఆనంద్, చేతులు ఒళ్లో పెట్టుకుని, తెర వైపు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"షాజియా, జెర నాది గూడ చూడవా?"

"చూస్త," అంది షాజియా. "ముందుగాల కుర్చీలకెళ్లి లెవ్వు."

ఆనంద్ లేచి ఆమె వెనక నిలబడ్డాడు.